మా బాపు కోసం తీసిన ఎర్ర బొట్టు

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. పాస్టరయ్యగారు పొద్దుగాల నన్ను పట్టుకొని, సుగుణమ్మా ఇయ్యాల నువ్వు సాక్ష్యం చెప్పాలె, కానీ తక్కువల చెప్పాలె అన్నరు, నేను తక్కువల చెప్పేదాన్ని గాదని మీకందరికీ ఎరుకే, జర ఓపిక పట్టండ్రి. ముందు వరుసల తువ్వాల భుజానేసుకొని దగ్గుకుంట కూసున్నడు చూడండ్రి, ఆయన మా బాపు. ఆ దగ్గు మీకు ఇబ్బందిగ ఉండచ్చు గని నాకు మాత్రం అది వినబడుతుంటే పానం నిమ్మళమైతది, ఎందుకంటే ఆయనకు ఊపిరే ఆడని ఒక దినం నేను చూసిన, చూసుడు గూడ గాదు, దూరాన కూసొని విన్న.

తెలంగాణ కోసం మనమందరం రోడ్ల మీదికొచ్చిన రోజులవి. అప్పుడు ఈ జనగామ, మానుకోట, భూపాలపల్లి వేరే వేరే జిల్లాలు గావు, అన్ని కలిసి ఒక్కటే జిల్లా. నేను జనగామల అంబులెన్సు మీద పనిచేస్తుంటి, మనోళ్లు కుయ్ కుయ్ బండి అంటరు గదా, దాంట్ల వెనుక రోగి పక్కన కూసొని చూసుకునే పని నాది, బండి నడిపేటాయన యాకూబన్న. నన్ను కన్న మా అవ్వ, బాపు కేసముద్రంల ఉండేటోళ్లు. బాపు మార్కెట్ యార్డుల హమాలి, పొద్దందాక బస్తాలు మోసి మోసి, సందెకు పెయ్యి నొప్పులకని కల్లు దుకాణం కాడికి పోయేటోడు.

చెట్టు మీంచి దిగిన కల్లు సంగతి వేరు, గౌడన్న గీసింది గీసినట్టు తాగితే మనిషి రెండు పాటలు పాడుతడు, పంటడు, తెల్లారి లేస్తడు. నేను చెప్పేది సీసాల్ల వచ్చే కల్లు సంగతి, దాంట్ల కల్లెంతనో నడుమ కలిపేటోళ్లకే తెలుసు, మిగిలిందంత నీళ్లు, చక్కెర, దాని మీద ఇంత మత్తుపొడి. ఆ పొడికి ఒక్కసారి పెయ్యి అలవాటు పడ్డదా, ఒక్క పూట దొరకకపోయినా చేతులు వణుకుతయి, నాలిక తిరగదు, మనిషి గోడతోని మాట్లాడుతడు, కొందరికి ఫిట్సొస్తయి. దానికి మా వాడకట్టుల ఒక సొంత వైద్యముండె. ఎవలన్న వణికితే ఒక గలాసు కల్లు నోట్ల పోసుడు, పోసినంక మనిషి నిమ్మళమైతడు, అందరు సంబురపడతరు. మా అవ్వ బియ్యం డబ్బా వెనుక ఎప్పుడూ ఒక సీసా దాచి పెట్టేది, బాపు తాగడానికి గాదట, బాపుకు మందుకట. రోగం అంటగట్టినోడే మందు అమ్ముకుంటున్నడని ఆ పిచ్చితల్లికి ఎవలు చెప్పాలె?

ఇగ నా సంగతి. నేను బాప్తిస్మం తీసుకొని బొట్టు తీసేసినప్పటిసంది మా అవ్వకు నా మీద గుర్రు. మొగడు గుండ్రాయి లెక్క ఉండంగ నొసలు ఉత్తగ పెట్టుకుంటదా ఆడది అని వచ్చినోళ్లకు, పోయినోళ్లకు చెప్పి ఏడ్చేది. ఆమెకు నా దేవుని మీద కోపం లేదు, కోపమంత నా నొసటి మీదనే. అంతకుముందు జాతరల కొన్న బొట్టు బిళ్లల అట్టలు నా సంచిల అట్లనే ఉండె, ఎర్రయి, నల్లయి, పెట్టుకోను, పారెయ్యను.

ఉద్యమం ఎక్కువైనకొద్ది బందులు ఎక్కువైనయి, మాకు కల్లు సంగతి ఫోన్లు ఎక్కువైనయి. కల్లు తాగి లేస్తలేడు రాండ్రి అని ఒక ఊరు, కల్లు లేక పిచ్చిలేసింది రాండ్రి అని ఇంకో ఊరు. దవాఖానల డాక్టరు సారు మంచాయన, ఒకనాడు నన్ను పిలిచి, సుగుణా, ఇవన్ని ఏ దిక్కుకెళ్లి వస్తున్నయో గుర్తు పెట్టి చూడు, వణికేటోళ్లు వేరు, లేవనోళ్లు వేరు, రెండిటిని కలపకు అన్నడు. మానుకోట బండి మీద స్వరూపక్క ఉండె, భూపాలపల్లి దిక్కు ఒక తమ్ముడుండె, ముగ్గురం సందెకాంగనే ఫోన్ల ఏ ఊరు, ఏం సంగతి అని చెప్పుకునేటోళ్లం. మేం కూసునే రూముల గోడకు జిల్లా పటముండె, గుర్తు పెట్టనీకి చేతిల ఏం లేకపాయె, నా సంచిల బొట్టు బిళ్లలు యాదికొచ్చినయి. వణికినోళ్ల ఊరికి నల్లది, సోయి లేకుంట పడ్డోళ్ల ఊరికి ఎర్రది. యాకూబన్న చాయ్ తాగుకుంట చూసి, "ఏంది చెల్లె, నీ నొసటికి వద్దన్నవ్, జిల్లాకు పెడుతున్నవా" అని ఒకటే నవ్వుడు.

నవ్వినాయనే తర్వాత నవ్వుడు బంద్ చేసిండు. తరిగొప్పుల కాడ నల్లది పెట్టినమంటే బంద్ అయిపోయిన తెల్లారే దాని పక్కన ఎర్రది, చిల్పూరు దిక్కు అంతే, భూపాలపల్లి దిక్కు బొగ్గుబావుల పొంటి ఉన్న వాడలల్ల అంతే. బంద్ నాడు కల్లు బండి రాదు, జనం వణుకుతరు. బండ్లు తిరుగుడు షురువైనంక నాగా పోయిన పూటలది గూడ కలిపి తాగుతరు, అమ్మేటోడు గిరాకి ఎక్కువైందని నీళ్లు ఎక్కువ పోసి, ఆ పొడి ఇంకింత గుమ్మరిస్తడు. అప్పుడు పడ్డ మనిషి వణుకుతలేడు, ఊపిరి తీసుడే మర్చిపోతున్నడు. ఇంట్లోళ్లేమో కల్లు చాలక పడ్డడనుకొని, వాడకట్టు వైద్యం ఉన్నది గదా, ఇంకో గలాసు తెచ్చి నోట్ల పోస్తరు, అది పోయి ఊపిరితిత్తులల్ల పడుతది. పగోడు గాదు సహోదరులారా, కట్టుకున్నదే, కన్నతల్లే పోస్తది, పాయిరంతోనే పోస్తది.

డాక్టరు సారు ఆ పటం చూసి పైవాళ్లతోని మాట్లాడిండు, బంద్ అయిపోంగనే నల్ల బొట్టున్న ఊరి దగ్గర్ల బండి నిలవెట్టుకోండ్రి అన్నరు. మేము గూడ ఊర్లల్లకు పోయి, లేవని మనిషి నోట్ల ఏం పొయ్యకుండ్రి, పక్కకు ఒరిగించి పండవెట్టి మాకు ఫోన్ చెయ్యుండ్రి అని చెప్పుడు మొదలువెట్టినం. విన్నోళ్లు విన్నరు, విననోళ్లు ఈమెకేం తెలుసన్నరు.

ఒకతాప బంద్ మీద బంద్ వచ్చింది. సందెకు స్వరూపక్క ఫోన్ చేసి, "కేసముద్రంల నల్లది పెట్టు సుగుణా, హమాలీల వాడ" అన్నది. మా వాడనే. ఎవలక్కా అంటే, "మీ బాపునే. దవాఖానకు రానని మొండికేసిండు, మీ అవ్వ ఏందో తాగిచ్చింది, ఇప్పుడు నిమ్మళమైండు" అన్నది. నా చేతులతోని మా వాడకు నల్ల బొట్టు పెట్టిన. పెట్టినంక నాకు రేపు కనబడ్డది, ఎందుకంటే తెల్లారితే బంద్ అయిపోతది.

అవ్వకు ఫోన్ చేసిన. అవ్వా, రేపు వచ్చే కల్లు బాపును తాగనియ్యకు, ఇక్కడ గోడ మీది పటంల బాపు కోసం మన వాడకు నల్ల బొట్టు పెట్టిన, నల్ల బొట్టు తర్వాత ఎర్ర బొట్టు వస్తున్నది, ఒకవేళ పడితే నీ సీసా ముట్టకు, నోట్ల ఏం పొయ్యకు, పక్కకు ఒరిగించు అని బతిమాలిన. ఇగ చూడండ్రి మా అవ్వ నోరు. "ఓసి నీ బొట్లు మన్నువడ! నొసటిది తీసేసి గోడకు పెట్టినవా? మీ బాపు బతికుండంగనే, పోయినోళ్ల ఫొటోకు పెట్టినట్టు ఆయన పేరు మీద గోడకు బొట్టు పెడుతవా? నీ కాళ్లు మొక్కుత, నాకీ ముచ్చట చెప్పకు" అని ఫోన్ పెట్టేసింది. బాపుతోని మాట్లాడనే ఇయ్యలే. నేను పోదామంటే డ్యూటీల ఉన్న, నా బండి తరిగొప్పుల దిక్కు నిలవాల్నన్నరు, అక్కడ గూడ నల్ల బొట్లున్నయి, అక్కడ గూడ ఎవలో ఒకల బాపు ఉన్నడు.

నాకు ఏడుపు ఆగలే. బండి వెనుక తలుపు వేసుకొని మోకాళ్ల మీద కూసొని ప్రార్థన చేసిన, పెద్ద మాటలేం రాలే నాకు. "యేసయ్యా, నేను పోలేను. మా అవ్వ నా మాట వినదు. నా మాటకు కాళ్లు లేవయ్యా, నువ్వే ఏ నోటితోనన్న మోసుకొని పో. మా బాపును నాకియ్యి." గంతే. అదే మాట మల్ల మల్ల అనుకుంట ఉన్న.

తెల్లారి పగటీలి తరిగొప్పుల దిక్కు రోడ్డు పక్కన బండిల ఉన్నం. స్వరూపక్క ఫోన్ చేసి, "సుగుణా, ఎర్రది, మీ బాపు, నేను పోతున్న" అన్నది, కట్ అయింది. సంచిలకెళ్లి అట్ట తీసి ఒక ఎర్ర బొట్టు వేలి కొసకు అంటించుకున్న, ఎందుకు తీసిన్నో నాకే తెల్వదు, అలవాటు. సందెకు పోయి పటం మీద పెట్టాలె గదా. యాకూబన్న చూసిండు. "జర ఆగు చెల్లె, దాన్ని పెట్టెయ్యకు, కబురు రానియ్" అని, తను గూడ తువ్వాల పరుచుకొని రోడ్డు పక్కనే నమాజుకు నిలవడ్డడు. బొట్టు వేలికి పెట్టుకొని నేనటు, తువ్వాల మీద ఆయనిటు.

అక్కడ ఏమైందో నాకు తర్వాత యార్డుల గింజలు చెరిగే సాంబక్క చెప్పింది. పొద్దుగాల కల్లు బండి రాంగనే బాపు నాగా అంత తీర్చుకున్నడు, యార్డుల బస్తాల మీద ఒరిగిండు, పిలిస్తే పలుకుతలేడు. హమాలీలు ఉరికి మా అవ్వకు చెప్పిన్రు. అవ్వ సీసా కొంగుల పెట్టుకొని వచ్చింది, బాపు తల ఒళ్లె పెట్టుకొని, నోరు తెరిచి, మూత తీసింది. అప్పుడు సాంబక్క చాట పారేసి వచ్చి చెయ్యి పట్టుకున్నదట. "ఓ వదినె, ఆగు. నిన్న సందెసంది వాడంత తిరిగి నీ బిడ్డను తిట్టినవు గదా, నల్ల బొట్టు తర్వాత ఎర్ర బొట్టు వస్తదట, పడితే నోట్ల ఏం పొయ్యద్దట, పక్కకు ఒరిగియ్యాల్నట, బాపుకు గోడ మీద బొట్టు పెట్టిందని. అన్న వణుకుతలేడు సూడు. ఇది ఆ ఎర్ర బొట్టే గాదా?"

సహోదరులారా, నా మాట మా అవ్వ వినలే. కానీ నా మీద కోపంతోని ఇల్లిల్లు తిరిగి, ఒక్క ముక్క పొల్లు పోకుంట, తిట్టుకుంట తిట్టుకుంట ఆ మాటను వాడకంతకు మోసింది. నేను కాళ్లడిగిన, దేవుడు మా అవ్వ కాళ్లే ఇచ్చిండు! అవ్వ చేతుల సీసా ఆగింది. సాంబక్క, హమాలీలు కలిసి బాపును పక్కకు ఒరిగించిన్రు, ఫోన్ చేసిన్రు.

స్వరూపక్క బండి దగ్గర్లనే నిలవడి ఉన్నది, అయినా యార్డుకు పోయే తొవ్వల వంటావార్పు. బంద్ అయిపోయినా రోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి ఉద్యమపోళ్లు అన్నం వండుతున్నరు, ఈ కొస నుంచి ఆ కొసకు అన్నం ఉడికే పెద్ద గంజులే. కుయ్ మన్న సప్పుడు వినంగనే ఆడోళ్లు, మొగోళ్లు తువ్వాలలతోని, కొంగులతోని ఉడుకుడుకు గంజులు లేపి పక్కకు పెట్టిన్రట, చేతులు కాలినోళ్లు గూడ ఉన్నరట, కాళ్లతోని మంటలు చెదరగొట్టి తొవ్వ ఇచ్చిన్రట. వాళ్ల పేర్లు నాకు తెల్వవు, వాళ్ల కోసం నేను ఇప్పటికీ ప్రార్థన చేస్త. స్వరూపక్క ముఖానికి మాస్కు పెట్టి, దానికున్న గాలి సంచి పిసుక్కుంట దవాఖాన దాక బాపుకు ఊపిరి కొట్టింది, చేతులు పడిపోయినా విడువలే. పొద్దుగూకే యాళ్లకు నాకు ఫోన్ చేసి, "కండ్లు తెరిచిండే, నన్ను తిడుతున్నడు" అన్నది. నేను బండిల కూలవడి ఏడ్చిన, యాకూబన్న మొఖం అటు తిప్పుకొని ఏడ్చిండు.

ఆ తర్వాత అంత తేలిగ్గ ఏం గాలే, అబద్ధం చెప్పను. కల్లు ఒక్కసారే బంద్ చేస్తే పానానికి ప్రమాదమని డాక్టర్లు మందులిచ్చుకుంట మెల్లమెల్లగ తగ్గించిన్రు, బాపు మంచం మీద కూసొని చిన్నపోరని లెక్క ఏడ్చేటోడు, ఒకతాప పారిపోయిండు గూడ, తోటి హమాలీలే పట్టుకొచ్చిన్రు. కానీ లేచిండు. దేవుడు లేపిండు, ఆ డాక్టర్ల చేతులతోని, స్వరూపక్క చేతులతోని లేపిండు.

బాపును ఇంటికి పంపినంక అవ్వ మా జనగామ రూముకు వచ్చింది. పటం ముందట నిలవడి చానసేపు చూసింది. "మీ బాపుది ఏదే?" అన్నది. నల్లది చూపెట్టిన. ఎర్రదేది అన్నది. పెట్టలేదవ్వా, నా కాడనే ఉంది అని నా ఐడి కార్డు వెనుకకెళ్లి తీసి ఇచ్చిన. దాని జిగురు ఎప్పుడో పోయింది. అవ్వ తన నొసటిది తీసేసి, దీన్ని ఇంత తడి చేసుకొని దాని జాగల ఒత్తిపెట్టుకున్నది. "ఇది గోడకెందుకే, ఇది నాది" అన్నది.

ప్రియులారా, మీ ఇంట్ల గూడ వణికేటోళ్లుంటే, లేవనోళ్లుంటే, మా మాట ఎవలు వింటరు అని మీరు అలిసిపోయి ఉంటే, ప్రార్థన విడువకండ్రి, దవాఖాన విడువకండ్రి. ఆ మాటను మోసే కాళ్లు ఎక్కడున్నయో ఆయనకెరుక, మిమ్మల్ని తిట్టేటోళ్ల కాళ్లే కావచ్చు. ఆయనను నమ్మి చూడండ్రి.

ఇగ ఒక్క మనవి చేసి కూసుంట. మా అవ్వ ఈ ప్రార్థన గుడిల లోపటికి రాను అంటది, బాపును తోలుకొచ్చి తలుపు కాడనే కూసుంటది, ఇయ్యాల గూడ అక్కడనే ఉన్నది, మీరు బయటికి పోయేటప్పుడు కనబడుతది. నొసట ఎర్ర బొట్టుంటది. తీసెయ్యమని ఎవలు చెప్పకండ్రి, వందనం చేసి, బాపు మంచిగున్నడా అవ్వా అని అడుగుండ్రి. ఉన్నడు అని ఆమె చెప్తది. దేవునికే మహిమ.