హెలెన్ గారి వీధిలో ఎడమవైపు

1979 మార్చి 14, బుధవారం, ఉదయం పది గంటల ఐదు నిమిషాలకు హెలెన్ గారు నాకు వాళ్ల ఊరు మళ్లీ చూపించారు. ఊళ్లో సగం లేదు.

అబూధాబీ ఆసుపత్రిలో నేను నర్సుగా చేరి అప్పటికి మూడేళ్ల రెండు నెలలు. హెలెన్ గారికి డెబ్భై ఒకటి. అల్లుడు ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. కూతుర్ని చూడటానికి అమెరికా నుంచి వచ్చి, ఆదివారం స్నానాల గదిలో జారిపడ్డారు. తలకు దెబ్బ. అలాంటివాళ్లకు న్యూరో చార్ట్ పెడతాం. అంటే రెండు గంటలకోసారి పేరు, చోటు, రోజు అడిగి, కంటిపాపలూ చేతుల పట్టూ చూసి రాయడం.

పేరు సరిగ్గా చెప్పేవారు. చోటు మాత్రం ప్రతిసారీ వాళ్ల ఊరే. ప్రెయిరీ అనే గడ్డి మైదానాల మధ్య ఒక కాలేజీ ఊరు. బడిలో టీచరుగా రిటైరయ్యాక, వచ్చినవాళ్లకు ఆ ఊరు తిప్పి చూపించేవారట. నేనూ అలా వచ్చినదాన్నే అనుకున్నారు.

"గొడుగు తెచ్చావా? మబ్బు పట్టింది."

"తెచ్చానండీ," అనేదాన్ని. బయట ఎండ మండిపోయేది.

"స్టేషన్ దగ్గర నిలబడు. ఎదురుగా వీధి చివర కాలేజీ గంటస్తంభం. రైలు వచ్చాకే ఈ ఊరు పుట్టింది."

కుడివైపు ధాన్యం గోదాము, గుర్రపుబళ్ల మ్యూజియం, లైబ్రరీ. ఎడమవైపు రంగుటద్దాల బ్యాంకు, కోర్టు, చివర ఎన్నడూ దున్నని గడ్డి ముక్క. మొత్తం ఆరు. "మిగతావన్నీ మేం కట్టినవి. ఆ గడ్డి మాత్రం మేం రాకముందు నుంచీ ఉంది," అనేవారు. మధ్యలో "నాలుగోది ఏమిటి?" అని నన్నే పరీక్షించేవారు. అందుకని వరసగా ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఆ బుధవారం మూడే చెప్పారు. బ్యాంకు, కోర్టు, గడ్డి లేవు. అలసట అనుకున్నాను. ఎడమచేతి పట్టు కాస్త తగ్గినట్టు అనిపించినా, పెద్దావిడ కదా అని చార్టులో 'సమానం' అని రాశాను.

పన్నెండింటికి మళ్లీ మూడే. ఈసారి కాలేజీ దగ్గర నుంచి స్టేషనుకు తీసుకెళ్లమన్నాను. గడ్డి, కోర్టు, బ్యాంకు చక్కగా వచ్చాయి. లైబ్రరీ, మ్యూజియం, గోదాము పోయాయి! ఉదయం మరిచినవి గుర్తున్నాయి, గుర్తున్నవి లేవు. నేనే తప్పు రాసుకున్నానేమోనని వరండాలో నిలబడి, చేతులు చాపి, ఇటు తిరిగి అటు తిరిగి చూసుకున్నాను. ఏమీ తేలలేదు. ఈజిప్టు డాక్టరుగారికి చెబితే నవ్వారు.

"సిస్టర్, నువ్వూ ఆ ఊరు వెళ్లిపోయావా? ఆవిడకు చోటు తెలియదని చార్టులో ఉందిగా. ఖలాస్."

ఉంది. ఆదివారం నుంచీ ఆ గడిలో 'తప్పు' అనే ఉంది.

రెండింటికి, భోజనం ట్రేలు తీసుకెళ్లే పోశెట్టి ఆగాడు. జగిత్యాల వైపు మనిషి.

"సిస్టరమ్మా, గీ అవ్వకు మా వంట నచ్చలేదా ఏంది? గీ దిక్కు నాకినట్టు తిన్నది, ఆ దిక్కు ముట్టనే లేదు. నడుమ గోడ గట్టినట్టు!"

పళ్లెంలో ఎడమ సగం అలాగే ఉంది. పళ్లెం అర్ధచుట్టు తిప్పి ముందు పెట్టాను. "ఓ, ఇంకా ఉందా!" అని మిగతాది తిన్నారు.

అప్పుడు అర్థమైంది. ఎటు తిరిగి నిలబడినా ఆమెకు పోతున్నది ఎడమవైపే. మెదడు కుడిభాగం నొక్కుకుపోతే కొందరికి అలా అవుతుంది. కన్ను బాగానే ఉన్నా, ఎడమ అనేదొకటి ఉందనే తెలియదు. కాగితం డాక్టరుగారి ముందు పెట్టి, పళ్లెం సంగతి చెప్పాను. ఆయన ఆమె ఎడమచెయ్యి పట్టుకుని చూసి, ఈసారి నవ్వలేదు.

"యల్లా, పదండి, ఆపరేషన్ థియేటర్!"

పుర్రెకు కుడివైపు రంధ్రం చేసి గడ్డకట్టిన రక్తం తీశారు. బతికారు. తనెక్కడున్నారో కూడా ఆమెకు తెలిసింది.

ఆపరేషనైన పంతొమ్మిదో రోజున ఇంటికి వెళ్తూ, నా కోసం ఊరంతా ఒకసారి తిప్పారు. అయిదు చెప్పి ఆగారు.

"ఎడమవైపు చివర గడ్డి ఉందన్నారు కదండీ, దున్ననిది?" అన్నాను.

"అలాగా? అయితే ఎప్పుడైనా వెళ్లి చూడాలి," అన్నారు మర్యాదగా.

జవాబు తప్పని తెలిసినా చివరిదాకా విని రాయాలని ఆ తర్వాత నా దగ్గరకు వచ్చిన ప్రతి కొత్త నర్సుకూ చెప్పాను. చార్టులో 'తప్పు' మారలేదు. ఆ తప్పులోపల ఊరు సగమైంది.

పోయినవి: పది నుంచి రెండు దాకా నాలుగు గంటలు, నావల్ల. ఆమె ఎడమచేతి పట్టు. ఆరింటిలో ఒకటి, ఆ గడ్డి.