నాలుగో పేరు

పరీక్ష పేపర్లు దిద్దే గదిలో పక్క బల్ల దగ్గర ఎవరైనా తలనొప్పి బామ్ మూత తీస్తే చాలు, ఎస్తేరు మేడమ్ వచ్చి నా వెనక నిలబడ్డట్టే ఉంటుంది. మొన్న విజయవాడలో, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం మళ్ళీ అదే జరిగింది. సాంఘిక మనోవిజ్ఞానం మొదటి పేపరు దిద్దుతున్నాను. పిల్లలందరూ ఒకే గైడు బట్టీ పట్టినట్టున్నారు, ప్రతి జవాబూ 'మానవుడు సంఘజీవి' అనే మొదలవుతోంది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగలగానే నా ఎర్ర పెన్ను ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. కొట్టేశాక నా మీద నాకే ఒళ్ళు మండింది. నన్ను అంతగా విసిగించిన మనిషి అలవాటు నాకెందుకు అంటుకోవాలి?

మేడమ్ మాకు ఎమ్మేలో ఆ పాఠమే చెప్పేవారు. పొట్టి మనిషి, ఎప్పుడూ మంగళగిరి నూలు చీరే. సుద్దముక్కల పెట్టెలో బామ్ డబ్బా కూడా పెట్టుకునేవారు. మా జవాబులు మా ముందే చదివి, మా ముందే నుదుటికి రాసుకునేవారు. అంతకన్నా అవమానం ఇంకేముంటుంది? 'సమాజం ఒప్పుకోదు' అని రాస్తే పక్కన ఎర్రగా 'ఎవరు?' అని ఉండేది. 'అందరూ అలాగే ప్రవర్తిస్తారు' అంటే మళ్ళీ 'ఎవరు?'. చిన్నప్పటి నుంచీ క్లాసులో ఫస్టు వచ్చిన నాకు ఆవిడ పదికి నాలుగు వేశారు. ఏడుపు ఆపుకుంటూ ఆవిడ గదికి వెళ్ళి, పుస్తకంలో ఉన్నదే రాశాను కదండీ అన్నాను. అదే తప్పన్నారు. ఓదార్పు మాట ఒక్కటీ లేదు.

ఒకరోజు, 'నలుగురూ ఏమనుకుంటారు' అనే మాట ఇంట్లో విననివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. "అయితే ఆ నలుగురి పేర్లూ కనుక్కోండి. వాళ్ళ దగ్గరికెళ్ళి నిజంగా ఏమనుకుంటున్నారో అడిగి రాసుకురండి" అన్నారు. ఇది ఎమ్మే చదువా, జనాభా లెక్కలా అని బయటికొచ్చి తిట్టుకున్నాం.

మా ఇంట్లో మాత్రం ఆ మాట అప్పుడు ప్రాణం మీదికి వచ్చి కూర్చుంది. నాన్న ఆటోనగర్లో లారీలకు టింకరింగ్ చేసేవాడు. ముప్పై ఏళ్ళు సుత్తితో రేకులు కొట్టీ కొట్టీ వినికిడి పోయింది. మేం చెవి మిషను కొనుక్కొస్తే బీరువాలో దాచాడు. పెట్టుకోమంటే, నలుగురూ ఏమనుకుంటారే అంటాడు. అంతకు ముందు నెలలోనే వెనక్కి వస్తున్న లారీ కింద పడబోయాడు. షెడ్డులో అందరూ అరిచినా ఆయనకు వినపడలేదు. ఎవరో చొక్కా పట్టి లాగితే బతికాడు. ఆ చిరిగిన చొక్కా అమ్మ కుట్టింది, మిషను మాత్రం బీరువాలోనే ఉంది. బతిమాలాను, పోట్లాడాను, రెండు రోజులు అన్నం మానేశాను. నాన్న కదల్లేదు.

మార్కుల కోసమే ఆయన్ని పేర్లు అడిగాను. విసుక్కుంటూ మూడు చెప్పాడు: షెడ్డు ఓనరు, టీ కొట్టు రమణమ్మ, పెయింటరు మస్తాన్ బాబాయ్. నాలుగోది అడిగితే, ఏదో మాటకంటారులే అని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆటోనగర్ వెళ్ళాను. నాన్నకు వినపడదన్న సంగతి ఓనరుకు ఏనాడో తెలుసట. అడిగితే చిన్నబుచ్చుకుంటాడేమోనని ఊరుకున్నాడట. రమణమ్మ ఏడాదిగా ఆయనతో సైగలతోనే నెట్టుకొస్తోందట. మస్తాన్ బాబాయ్ అటూ ఇటూ చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"నాకూ ఓ చెవి పన్జెయ్యట్లేదమ్మా. మీ నాన్న పెట్టుకుంటే నేనూ పెట్టుకుందారని చూస్తన్నా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ అందరూ తెలియనట్టు నటించడమేమిటి? ఉన్నదంతా నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. మేడమ్ మొదటిసారి బామ్ రాసుకోకుండా చదివారు. ఆఖరున మాత్రం 'నాలుగో మనిషి ఎవరు?' అని రాసి, మార్కులు వెయ్యకుండా తిరిగిచ్చేశారు. నాకు తిక్క రేగింది.

"మూడు చాలవా మేడమ్? నలుగురంటే లెక్కకు నలుగురని కాదు కదండీ."

"ఆ ముగ్గురికీ ముందే తెలుసని నువ్వే రాశావు. వాళ్ళకు తెలుసని తెలిస్తే ఇంకా దాస్తాడా అమ్మా? వెళ్ళి వీళ్ళు చెప్పింది ఆయనకు చెప్పు. చెప్పి మళ్ళీ అడుగు."

పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముగ్గురూ అన్న మాటలు ఆయన చెవి దగ్గర గట్టిగా చదివాను. మస్తాన్ బాబాయ్ మాటకు నవ్వాడు. ఇంకెవరికోసం నాన్నా ఈ దాపరికం, ఆ నాలుగోవాళ్ళ పేరు చెప్పు, వెళ్ళి కడిగేస్తాను అన్నాను. 

"నువ్వేనమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు నెమ్మదిగా చెప్పాడు. కిందటేడు నా స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతూ, మా నాన్న చెవిటి మేళంలే అని నవ్వానట. "నాతో అరిచి అరిచి అలవాటైపోయింది గదా, ఫోన్లోనూ గట్టిగానే అన్నావు. ఆ ఒక్క మాటా ఇనపడింది. మిషను పెట్టుకుని నీ కాలేజీవాళ్ళకి ఎదురుపడితే నీకు నామోషీ అనుకున్నా."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిపోయింది నాన్నా అన్నాను. ఏంటీ అన్నాడు. మళ్ళీ అన్నాను. మళ్ళీ ఏంటీ అన్నాడు. మూడోసారి గొంతు చించుకుని అరిచాను. ఎదురింటివాళ్ళు తలుపు తీసుకుని బయటికొచ్చారు, పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూశారు. ఏడుస్తూనే ఇంకోసారి అరిచాను.

సోమవారం నాన్న మిషను పెట్టుకుని పనికి వెళ్ళాడు. నెల తిరక్కుండా మస్తాన్ బాబాయ్ కూడా కొనుక్కున్నాడు. కాగితంలో నాలుగో పేరు దగ్గర నా పేరు రాసి మేడమ్‌కు ఇచ్చాను. ఆవిడ చదివి పదికి ఏడు వేశారు. మిగతా మూడూ ఎందుకు తగ్గించారో ఈనాటికీ తెలియదు, ఆ కోపం ఇంకా పోలేదు.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను. మా ఇంట్లో ఎవరైనా దేనికైనా వెనకాడుతూ, నలుగురూ ఏమనుకుంటారో అంటే నాకు ఇప్పటికీ చిరాకే వస్తుంది. ఆ నలుగురూ ఎవరో చెప్పమని నోటిదాకా వస్తుంది. అడిగే ముందు మాత్రం వాళ్ళలో నేను ఉన్నానేమోనని చూసుకుంటాను. చాలాసార్లు ఉంటాను.