మోటారు వంతు పేకాట

బర్మా రేవుపట్నంలోని చౌక్తడా పేటలో ఆ పాత మేడకి నాలుగు అంతస్తులు, ఒకటే నీళ్ళ మోటారు. రోజుకి నాలుగు గంటలు కరెంటు ఉంటే గొప్ప. ముందు మోటారు వేసుకున్నవాళ్ళ తొట్టి నిండుతుంది. ఆఖరివాళ్ళ వంతు వచ్చేసరికి కరెంటు పోతుంది. ఈ తగువు పడలేక రెండో అంతస్తు బర్మా టీచరమ్మ డో మ్యా ఒక కట్టడి పెట్టింది. ఆదివారం మధ్యాహ్నం ఇంటికొకరు పోకరాడాలి, తలా నలభై చింతగింజలు. చేతికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు; ఒకే గుర్తువి గానీ వరసవి గానీ అయిదు కుదిరితే జతని కొడతాయి. గింజలన్నీ ఎవరు గెలిస్తే ఆ వారమంతా మొదటి వంతు వాళ్ళది.

నాలుగో అంతస్తు తరఫున బంగారయ్య ఆడేవాడు. అతను పోయాక అతని భార్య తాయారమ్మ ఆ చాప మీద కూర్చుంది. టీ అందిస్తూ అతని భుజం మీంచి చూసి నేర్చుకున్న ఆట. ఏడాది కావస్తున్నా ఒక్కసారీ గెలవలేదు. కారణం కింది అంతస్తు అప్పలస్వామి. రేవులో లారీల మీద అరిచి అరిచి పెరిగిన గొంతు. తన ముక్కలు తను చూడకుండానే గింజలు తోసేస్తాడు.

"ఇరవై! ఏటి వొదినా, ఉంటావా, ఎల్తావా?"

తాయారమ్మ ముక్కలు పడేసేది. తర్వాత బకెట్టుతో మెట్లెక్కేది.

రాబోయే వారం బకెట్లతో కుదరదు. గురువారం బంగారయ్య సంవత్సరీకం. ఏటి అవతల దలా నుంచి ఫెర్రీలో చుట్టాలు దిగుతారు, ముప్పై మందికి వంట.

అందుకని వారం నుంచి పొయ్యి కట్టేశాక ఒక్కతే పేక పరుచుకుంది. ఒకే గుర్తు ముక్కలు నాలుగు, అవీ వరసగా ఉన్నవి ఏరి పెట్టుకుని, మిగతా పేక కలిపి రెండేసి తీసి చూసింది. పదిసార్లలో అయిదారుసార్లు కావలసింది వచ్చింది. "ఓసి, ఇన్నాళ్ళూ వీటినా పారేశాను!" అనుకుని తన నెత్తిన తనే మొట్టుకుంది.

ఆదివారం మూడో అంతస్తు లోకనాథం, డో మ్యా తొందరగానే ఖాళీ అయిపోయారు. మిగిలింది వీళ్ళిద్దరే, గింజలు చెరిసగం. తాయారమ్మ చేతిలో ఆటీను ఎనిమిది, తొమ్మిది. మధ్యలో ఆటీను ఏడు, ఆటీను పది, కళావరు రెండు పడ్డాయి. ఇంకా రెండు ముక్కలు పడాలి. ఆటీను ఏదొచ్చినా సరే, ఆరొచ్చినా జాకీ వచ్చినా సరే. చీర కొంగు కింద వేళ్ళు లెక్కపెట్టింది. పనికొచ్చేవి పదిహేను ముక్కలు.

"ముప్పై!" అన్నాడు అప్పలస్వామి. "ఎల్లొదినా ఎల్లు, నీళ్ళు మోసుకోవాల గదా."

తాయారమ్మ తన గింజలన్నీ రెండు చేతులా మధ్యలోకి తోసింది.

లోకనాథానికి తాగుతున్న టీ పొరపోయింది. అప్పలస్వామి మొదటిసారి తన ముక్కలు శ్రద్ధగా చూసుకున్నాడు. రాజు, రెండు. మధ్యలో రెండుతో కలిపి ఒక బక్క జత.

"ఏటున్నాది నీకాడ?"

"ఇంకా ఏటీ నేదు."

నిజమే చెప్పింది. అతనికది ఎక్కడలేని అనుమానం తెచ్చిపెట్టింది. వదిలేద్దామని ముక్కలు ఎత్తాడు కూడా.

"ఏం, ఊ అప్పలస్వామి వెళ్తారా?" అంది డో మ్యా, బర్మా పద్ధతిలో పేరు ముందు 'ఊ' చేర్చి, చాలా మర్యాదగా.

"నానెల్డమేటి!" అని ఉన్నవన్నీ తోసేశాడు.

నాలుగో ముక్క డైమను రాణి. పనికిరాలేదు. తాయారమ్మకి ముప్పై విస్తళ్ళు కళ్ళముందు తిరిగాయి. అయిదోది ఇస్పేటు. ఆటీను కాదని చూడగానే అప్పలస్వామి గింజలు ఒళ్ళోకి లాక్కోబోయాడు.

"అందులోంచి చెయ్యి తీయి మరిదీ. అది ఆరు," అని తాయారమ్మ తన రెండు ముక్కలూ పరిచింది.

ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. డో మ్యా పిల్లలచేత ఎక్కం అప్పజెప్పించినట్టు వేలితో చూపిస్తూ రెండుసార్లు చదివింది.

గురువారం పొద్దున్న నాలుగో అంతస్తు తొట్టి పొంగింది. అప్పలస్వామి రెండుసార్లు పులుసు పోయించుకుని తిని, కుళాయి కింద చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"ఆరు పడకపోతే ఏటి సేద్దువు వొదినా?"

"నీసేత మోయిద్దును," అని తాయారమ్మ తువ్వాలు అందించింది.