చిట్టికి తోడు తెచ్చిన సుగుణ టీచర్

మొన్న వడ్రంగి దగ్గర తలుపు కొలతలు చెబుతుంటే, అప్పుడే చిత్రిక పట్టిన చెక్క పొట్టు వాసన గుప్పుమంది. చెబుతున్న మాట మరిచిపోయి అలాగే నిలబడ్డాను. నాకది సుగుణ టీచర్ ఇంటి వాసన. నిజామాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటికి ఆమే యజమాని. మిషన్ స్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైంది. కింద వాటాలో ఒక్కతే ఉండేది, జెర్బిల్స్‌ని పెంచేది. జెర్బిల్ అంటే పొడుగు తోక చివర చిన్న కుచ్చున్న ఎడారి ఎలుక. ఇంటింటా ఎలుకల మందు పెట్టే మా గల్లీలో ఆమె గాజు తొట్టెల్లో చెక్క పొట్టు పరిచి, వాటికి పొద్దుతిరుగుడు గింజలు పెట్టేది. ఆదివారం చర్చికి బయలుదేరుతూ కూడా వాటికి పోయొస్తానని చెప్పేది. టీచరమ్మకు ఎలుకల పిచ్చి అని జనం నవ్వుకుంటే, ఆమె ఇంకా గట్టిగా నవ్వేది.

రెంజల్ నుంచి నేను ఆ ఇంటికి రెండో పెళ్లామై వచ్చాను. మా ఆయన మొదటి భార్య జబ్బు చేసి పోయింది. వాళ్ల కూతురు అక్షర అప్పుడు నాలుగో తరగతి. సవతి కూతురు సతాయిస్తుందని అందరూ నన్ను బెదిరించి పంపారు. ఆ పిల్ల సతాయిస్తే బాగుండేది. పెట్టింది తినేది, జడ వేస్తానంటే వచ్చి కూర్చునేది. ఏమడిగినా "సరే ఆంటీ" అనేది. ఇది కావాలని ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. చుట్టపు చూపుగా వచ్చిన పిల్లలా తన ఇంట్లో తనే ఒదిగి ఉంటే నాకు గుండె తరుక్కుపోయేది.

అక్షరకు టీచర్ ఇచ్చిన జెర్బిల్స్ రెండుండేవి. నేనొచ్చిన కొత్తలోనే ఒకటి చచ్చిపోయింది. మిగిలినదాని పేరు చిట్టి, అది గింజలు ముట్టడం మానేసింది. తోడు లేకపోతే అవి బెంగ పెట్టుకుంటాయంటూ టీచర్ ఒక కూనను తెచ్చింది. నేను సంబరంగా తొట్టి మూత తీయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"గట్ల ఒక్కపాలిగ ఏస్తవా? చంపుతది దాన్ని. వాటికి కండ్లకంటె వాసనే ముఖ్యం. ముందుగాల పరిచయం గావాలె."

తొట్టి మధ్యలో ఇనుప జాలి నిలబెట్టించింది. చిట్టి ఒక పక్క, కూన ఒక పక్క. రోజూ వాటి చోట్లు మార్చాలి. దీని పడకలో అది, దాని పడకలో ఇది పడుకోవాలి. అలా ఒకదాని వాసన ఒకదానికి అలవాటై, జాలికి ఆనుకుని నిద్రపోయేదాకా తొందర పడకూడదు. ఆ పని అక్షరకు అప్పగించింది, పక్కన నన్నుండమంది.

జాలి తీద్దామనుకున్న రోజుకు బోధన్ నుంచి మా అత్తమ్మ వచ్చింది. మేం చూడకుండా కూనను చేతిలోకి తీసుకుని, నెత్తిన ఇంత పసుపు పెట్టి తొట్టిలో వదిలింది. జాలి తీయగానే చిట్టి దగ్గరకొచ్చి వాసన చూసి, ఒక్కసారిగా మీద పడింది. టీచర్ మందపాటి చేతి తొడుగులు వేసుకుని ఉంది కాబట్టి వెంటనే విడదీయగలిగింది. కూన చెవి చివర చిరిగింది.

"ఇంటికొచ్చిన ఆడపిల్లాయె, పసుపు పెట్టకుంట ఎట్ల?" అంటూ అత్తమ్మ ఏడుపు మొహం పెట్టింది.

"నీ మనసు మంచిదే అవ్వా. గని గా పసుపుతోని దాని వాసన మారింది. ఎవరో కొత్తది జొచ్చిందనుకున్నది చిట్టి" అంది టీచర్. కూనను కడగనివ్వలేదు. ఇసుకలో అదే పొర్లి పోగొట్టుకుంటుందని చెప్పి, మళ్లీ జాలి పెట్టించింది.

అక్షర మాత్రం కన్నీళ్లు మింగుకుని "ఏం గాలే ఆంటీ" అని లోపలికి వెళ్లిపోయింది. ఎంత బుద్ధిమంతురాలో చూడండి అన్నాను టీచర్‌తో. ఆమె తొట్టి మూలన నక్కిన కూనను చూపించింది.

"గిది గూడ బుద్ధిమంతురాలే మరి. సప్పుడు జేస్తలేదు. గది నిమ్మళంగ లేదమ్మా, భయపడ్డది. నీ బిడ్డ గూడ గంతే. అమ్మా అని పిలుస్తదని ఎదురు సూడకు. దగ్గర కూసో, ఏం అడగకు. నీ మీద కోపం జెయ్యడానికి దానికి ధైర్యం రానియ్యి."

ఆ మాటకు నాకు రోషమొచ్చింది. తల్లినైనందుకు పిల్లతో తిట్లు తినాలా అనుకున్నాను. అయినా మర్నాటి నుంచి చిక్కుడుకాయలు ఒలవడమైనా, బట్టలు మడతపెట్టడమైనా అక్షర చదువుకునే గదిలోనే చేశాను. ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. జడ వేయనా, పాలు తాగుతావా అని అడగాలని నోరు పీకేది. బిగబట్టుకునేదాన్ని.

కొన్నాళ్లకు చిట్టి, కూన జాలికి చెరోవైపు వీపులు ఆనించి నిద్రపోయాయి. టీచర్ మళ్లీ జాలి తీసింది. ఈసారి రెండూ వెనక కాళ్ల మీద నిలబడి ముందు కాళ్లతో తోసుకోసాగాయి. కూన కిచకిచమంది. విడదీద్దామని చెయ్యి పెట్టబోయాను.

"ఆగు! నీకేం తెల్వదు! గది కొట్లాట గాదు!"

గోడలదిరేలా అరిచి, నా చెయ్యి లాగి పట్టుకుంది అక్షర. తొట్టిలో తోపులాట ఆగింది. కూన తల వంచి చిట్టి గడ్డం కింద దూరింది. చిట్టి దాని చిరిగిన చెవిని నాకడం మొదలుపెట్టింది. అక్షర నా చెయ్యి వదలలేదు. టీచర్ తొట్టి వైపు చూడ్డమే లేదు, మమ్మల్నే చూస్తోంది. ఇన్నాళ్లూ ఏ అరుపు కోసం కాచుకున్నానో అది ఇదేనని తెలిసి, ఆ పిల్లను పట్టుకుని భోరున ఏడ్చాను.

టీచర్ నిరుడు వానాకాలంలో పోయింది. ఈ మధ్య ఏళ్లలో నాకు కొడుకు పుట్టాడు, అత్తింటి ఆడబిడ్డల మధ్య, తోటికోడళ్ల మధ్య ఎన్నో తగువులు చూశాను. అరిచేవాళ్లను చూసి నేను భయపడను. చప్పుడు చేయకుండా మూలన కూర్చున్నవాళ్ల పక్కకు వెళ్లి కూర్చుంటాను. ఇది ఆమె నాకిచ్చిన బుద్ధి. అక్షర ఇప్పుడు హాస్టల్‌లో ఉంటుంది. నిన్న పరీక్షల చిరాకులో ఫోన్ చేసి, "నీకేం తెల్వదమ్మా, ఊకో!" అని కసురుకుని పెట్టేసింది. సంతోషంతో లేచి, టీచర్‌కు చెప్పాలని గుమ్మం దాకా వెళ్లాను.