పదకొండు చెక్కల సద్దు

సేలం దగ్గర ధర్మపురిలో మా మండీకి ముందువైపు తలుపు ఉండేది కాదు, పదకొండు చెక్కలు ఉండేవి. కిందా పైనా గాడి. ఒక్కొక్క చెక్కనూ ఆ గాడిలో నిలబెట్టి పక్కకు తోయాలి. చింతపండు, ఎండుమిరపకాయల వ్యాపారం మాది. ముందు మండీ, వెనక ఇల్లు. ముద్ద ముందు కూర్చున్న మనిషి బేరానికి లేవకూడదని మావాళ్ళ పట్టింపు. అందుకని మధ్యాహ్నం చెక్కలన్నీ వేసి గానీ నాయన భోజనానికి వచ్చేవాడు కాదు.

అక్కా నేనూ వంటింట్లో కూర్చుని ఆ సద్దు లెక్కపెట్టేవాళ్ళం. చెక్కలు దనదనా పడితే ఎక్కడో బేరం చెడిందన్నమాట, నాలుగు తిట్లతో పోతుంది. నిదానంగా, ఒత్తి ఒత్తి పడ్డాయా, మా ఇద్దరిలో ఒకరికి మూడినట్టే. ఎనిమిదో చెక్కకల్లా అమ్మ కంచంలో సంగటి పెట్టేది. అక్క నా చొక్కా గుండీలు సరిచేసేది. పదకొండోది పడేసరికి ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. "దెబ్బకు దెయ్యం వదులుతుంది" అనేవాడు నాయన, బస్తాలు కుట్టే పురితాడు చేతికి చుట్టుకుంటూ. మాలో ఏ దెయ్యాన్ని చూశాడో ఆ మహానుభావుడు, నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక్కరోజు మాత్రం చెక్కలు వేయకుండా వచ్చాడు. కడత్తూరు నుంచి వచ్చిన బండిలో సరుకు దిగుతోంది, మండీ తెరిచే ఉంది. ఆ వేళ అక్క, నాయన ఎలా నడుస్తాడో నడిచి చూపిస్తూ నన్ను నవ్విస్తోంది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఆయన. ఆ రోజు నుంచి అక్కకు ఎడమచెవి సరిగా వినపడదు. ఇప్పుడు సేలంలో ఉంటుంది, ఫోను కుడిచెవికే పెట్టుకుంటుంది. ఆ సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

నాయన పోయాక నేను చేసిన మొదటి పని చెక్కలు పీకించి షట్టరు పెట్టించడం. బంగారంలాంటి టేకు, అమ్ముకోరాదా అన్నారు వీధిలోవాళ్ళు. వాళ్ళకేం, వాళ్ళు విన్నారా ఆ సద్దు? పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచుకుని పోసుకున్నాను. హాయిగా ఉండింది.

పిల్లల మీద చెయ్యెత్తనని పెళ్ళిచూపులనాడే నా భార్యతో చెప్పాను. ఎత్తలేదు కూడా. మా పాపకు ఎనిమిదేళ్ళు, ఒక్క దెబ్బ ఎరగదు. నలుగురిలో ఆ మాట చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి. అయితే కోపం వస్తే నాకు మాట ఆగిపోతుంది. రెండు రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు. కంచం నెట్టేస్తాను. ఒకసారి గోల చేస్తోందని దాని బొమ్మల పుస్తకం రెండుగా చింపాను. అది దెబ్బ కాదు కదా అనుకున్నాను. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని పెద్దలు ఊరికే అనలేదు.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం షట్టరు సగంలో ఇరుక్కుపోయింది. ఎంత గుంజినా దిగదు. మిరప తెచ్చిన పెరియంపట్టి రైతు ఒకాయన, "నువ్వు పోయి తినిరా అన్నా, నేను ఈడనే కూసోనుంటాను" అన్నాడు. సరేనని లోపలికి పోయాను.

టీవీ మోగుతోంది. పాప నాకు వీపు పెట్టి కూర్చుని, బడిలో జరిగిందేదో వాళ్ళమ్మకు చెబుతూ పగలబడి నవ్వుతోంది. నా ఇంట్లో ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. గుమ్మంలో నిలబడిపోయాను. అది వెనక్కి తిరిగింది. నవ్వు పోయింది. ఎడంచేత్తో టీవీ ఆపేసి, మూతి తుడుచుకుని, నిటారుగా కూర్చుంది. ఆ కూర్చోవడం నాకు తెలుసు.

"ఏంటికి ఆపేసినావు పాపా? చెప్పు, నేనూ వింటాను" అన్నాను.

అది వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ కంచంలోకి చూసింది.

"షట్టరు సద్దే రాలేదే నాయనా" అంది పాప.

"ఇరుక్కునింది తల్లీ."

అడగాలా వద్దా అన్నట్టు మెల్లగా అడిగింది. "రేపు బాగు చేపించెయ్ నాయనా. గట్టిగా మూసి రా. సద్దు వస్తేనే కదా నాకు తెలిసేది."

ఆ సాయంత్రమే మనిషిని పిలిపించి బాగు చేయించాను. ఇప్పుడు రోజూ గట్టిగానే మూస్తున్నాను. మూసినాక, లోపల టీవీ ఆగేదాకా మండీలోనే నిలబడి ఉంటాను.