రెండు నాబ్‌ల ఆట

1987లో నరసరావుపేట స్టేషన్ రోడ్డుకు కాస్త లోపలగా, ఒక మందుల షాపు పక్కన నాకు టీవీ రిపేరు కొట్టు ఉండేది. రేడియోల మీద బతికే రోజులు పోయి టీవీల రోజులు వచ్చాయి. రొంపిచెర్ల నుంచి, గురజాల నుంచి జనం సెట్లను దుప్పట్లలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సుల్లో తెచ్చేవాళ్లు. పని దండిగా ఉండేది. చిక్కల్లా ఒక్కటే. పగలు ప్రసారాలు ఉండేవి కావు. సాయంత్రం బొమ్మ వచ్చేదాకా, చేసిన రిపేరు కుదిరిందో లేదో తెలిసేది కాదు.

పెద్ద ఊళ్లలో మెకానిక్కుల దగ్గర ప్యాటర్న్ జనరేటర్ ఉంటుంది. పరీక్ష కోసం టీవీలోకి గీతలూ గళ్లూ పంపే పెట్టె అది. నాకు కొనే తాహతు లేదు. దానికి బదులు, మద్రాసు నుంచి ఒక లారీ డ్రైవరు తెచ్చిన టీవీ గేమ్‌ను వాడేవాణ్ణి. నలుపు తెలుపు ఆట. నడుమ ఒక చుక్కల గీత, అటొక బ్యాటు, ఇటొక బ్యాటు, ఒక బంతి. బ్యాటంటే నిలువు గీత, బంతంటే చదరపు చుక్క. తీగలకు రెండు నాబ్‌లు. నాబ్ తిప్పితే బ్యాటు పైకీ కిందికీ జరుగుతుంది. బంతి తగిలినప్పుడల్లా 'టిక్' అంటుంది. ముందు పదిహేను పాయింట్లు చేసినవాళ్లు గెలిచినట్టు. నా వరకు అది ఆట కాదు, పనిముట్టు.

ఆ ఏడు వేసవిలో కోటయ్య మాస్టారు భార్యతో కలిసి రిక్షాలో వచ్చారు. హైస్కూల్లో మాకు డ్రిల్ మాస్టారు ఆయన. నాకు బాల్ బాడ్మింటన్ నేర్పింది ఆయనే. రిటైరైన ఏడాదికే పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఒకప్పుడు ఈల నోట్లో పెట్టుకుంటే గ్రౌండు మొత్తం నిటారుగా నిలబడేది. ఆ మనిషి రిక్షా దిగటానికి భార్య అనసూయమ్మగారి భుజం పట్టుకోవాల్సి వచ్చింది. గుంటూరు డాక్టరు నొక్కమని ఇచ్చిన రబ్బరు బంతిని ఆయన వీధిలోకి విసిరేశాడని ఆవిడ చెప్పింది.

"నేనేమన్నా పసిపిల్లోణ్ణా, బంతి పిసుకుతా కూర్చోటానికి?" అన్నాడు మాస్టారు.

వాళ్లు రిపేరుకు తెచ్చిన సెట్‌లో బొమ్మ కిందికి దొర్లుతోంది. నేను దానికి గేమ్ తగిలించి, వెనక డొప్ప విప్పి పనిలో పడ్డాను. కాసేపటికి మాస్టారి గొంతు వినిపించింది.

"ఒరేయ్ కరీముల్లా, ఆ బంతి ఎవరు కొడతన్నార్రా?"

"ఎవరూ లేరు మాస్టారూ. బొమ్మ నిలబడిందో లేదో చూసుకోటానికి పెట్టా."

"ఎవరూ లేకపోతే ఎట్టారా? పాయింట్లు పోతన్నాయి!"

ఎడమ చేత్తో నాబ్ అందుకోబోయాడు. అనసూయమ్మగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపి, కుడిచేతి వేళ్ల మధ్య నాబ్ పెట్టింది. రెండోది పట్టుకునేవాళ్లు ఎవరూ లేక ఆవిడే పట్టుకుంది. అప్పటిదాకా ఇంట్లో టీవీ స్విచ్చి కూడా వేసి ఎరగదట. మొదటి ఆట ఆవిడే గెలిచింది. మాస్టారు ఒప్పుకోలేదు.

"అది ఆట కాదు, అదృష్టం. మళ్లీ పట్టు."

సెట్ బాగుపడి గంటైనా వాళ్లు లేవలేదు. ఆ వేళ్లు నాబ్‌ను పట్టుకోవటం, జారటం, మళ్లీ పట్టుకోవటం నేను చూస్తూనే ఉన్నాను. వెళ్లేటప్పుడు గేమ్ కూడా కట్టి ఇచ్చాను. నా పని సాయంత్రాలు చేసుకోవచ్చులే అనుకున్నాను. ఆ ఒక్క పని మాత్రం మంచిదే చేశాను.

రెండు నెలల తర్వాత వాళ్ల ఇంటికి స్టెబిలైజర్ చూడటానికి వెళ్లాను. మాస్టారు భోజనం చేస్తున్నాడు. కుడి చేత్తో గోంగూర కలుపుకుంటున్నాడు. మెతుకులు కొన్ని రాలుతున్నాయి, అయినా ముద్ద నోటిదాకా వెళ్తోంది. ఆయన నా వంక చూసి, చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. రోజూ మధ్యాహ్నం ఇద్దరూ ఆడుతున్నారట. మొదట్లో మాస్టారు ఓడితే ఆ పూట మాట్లాడేవాడు కాదట.

"ఇప్పుడు నన్ను ఓడిచ్చి వీధరుగు మీద కూకోని అందరికీ చెప్తన్నాడయ్యా," అంది అనసూయమ్మగారు. ఆవిడ నవ్వటం నేను చూసింది ఆరోజే.

ఆ శీతాకాలంలో ఆవిడ తమ్ముడు రాఘవయ్య మా కొట్టుకు వచ్చాడు. పత్తి వ్యాపారి. అక్కంటే ప్రాణం, నలుగురిలో గొప్పంటే అంతకన్నా ఎక్కువ. అక్క ఇంటికి కొత్త కలర్ టీవీ కొన్నాడు. సింగపూర్ నుంచి తెలిసినవాళ్లతో కలర్ గేమ్ కూడా తెప్పించాడు. అది నా బల్ల మీద పెట్టి, అక్కాబావల్ని కూడా పిలిపించాడు.

కొట్టులో ఉన్న కలర్ సెట్‌కి తగిలించాను, బొమ్మ రాలేదు. కారణం వెంటనే తెలిసింది. ఆటలోని బొమ్మను టీవీ చానల్‌గా మార్చి యాంటెన్నా దారిలో పంపే చిన్న రేకు డబ్బా ఒకటి గేమ్ లోపల ఉంటుంది. దాన్ని మాడ్యులేటర్ అంటారు. ఈ సింగపూర్ దాని చానల్ మన సెట్లకు అందదు. డబ్బా దాటవేసి, వైరు నేరుగా సెట్ లోపలికి కలిపి చూపించాను. నీలం ఆకాశం, పచ్చటి కొండలు, ఎర్ర విమానం. అట్లాంటి బొమ్మ నేను అంతకుముందు చూడలేదు.

"ఏందయ్యా కరీముల్లా, చెప్పు. ఆ గీతల పెట్టె మంచిదా, ఇది మంచిదా?" అన్నాడు రాఘవయ్య.

"దానికీ దీనికీ పోలికేందండీ," అన్నాను. "అది గీతలు. ఇది సినిమా."

అనసూయమ్మగారు బల్ల దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది. "దీంట్లో మేం ఇద్దరం ఆడుకోవచ్చా, నాయనా?"

ఆ గేమ్‌లో ఒకేసారి ఇద్దరు ఆడటం కుదరదు. ఒకరు విమానం నడుపుతుంటే రెండోవాళ్లు చూస్తూ కూర్చోవాలి. ఆ సంగతి నాకు తెలుసు.

"ఒకరి తర్వాత ఒకరు ఆడొచ్చమ్మా," అన్నాను.

మాస్టారు మాత్రం జాయ్‌స్టిక్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. అడుగు దిమ్మను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పుల్లను లాగాలి. దిమ్మ మీద తుపాకీ బటన్ ఉంటుంది. రెండు చేతులూ చురుగ్గా ఉన్నవాళ్ల వస్తువు అది. ఆయన దాన్ని కింద పెట్టి, "మాకు ఆ పాతది చాల్లేరా," అన్నాడు.

"ఊరుకో బావా! కలర్ టీవీలో ఆ గీతలు చూస్తే జనం నవ్వుతారు," అన్నాడు రాఘవయ్య. మాస్టారు నావైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన చేతికి కావాల్సింది నాబే అని చెప్పి ఉండాల్సింది. కానీ అప్పటికే నా బుర్రంతా మాడ్యులేటర్ మీద ఉంది. పల్నాడు మొత్తంలో సింగపూర్ గేమ్‌ను మన టీవీకి కలిపిన మెకానిక్ లేడు. అది నేనే చేయాలి.

"కొత్తదే బాగుంటది మాస్టారూ. నాలుగు రోజుల్లో అలవాటైద్ది," అన్నాను.

శుక్రవారం నాటికి కావాలన్నాడు రాఘవయ్య, బంధువులు వస్తున్నారట. కొత్త టీవీ విప్పి లోపల వైరు కలపటానికి వీల్లేదు, మద్రాసు నుంచి మాడ్యులేటర్ తెప్పించే వ్యవధీ లేదు. పాత గేమ్‌లోది సరిపోతుందన్నాను. "అయితే పీకెయ్. ఆ డొక్కు ఇంకెందుకు?" అన్నాడు. పాత గేమ్‌ను వాళ్లింటి నుంచి తెప్పించి మాడ్యులేటర్ పీకేశాను. శుక్రవారం సాయంత్రం వాళ్ల హాలు నిండా జనం. రంగులు చూసి అందరూ ఒక్కసారిగా 'ఓ' అన్నారు. రాఘవయ్య నన్ను ముందుకు పిలిచి పరిచయం చేశాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. మాస్టారు ఎక్కడ కూర్చున్నాడో నాకు గుర్తు లేదు.

సంక్రాంతి వెళ్లాక ఒకరోజు అనసూయమ్మగారు ఒక్కతే వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఆ పాతది మళ్లీ ఇస్తావా, నాయనా?"

ఏమైందని అడిగితే కొంచెం కొంచెంగా చెప్పింది. సాయంత్రమైతే ఇంటి నిండా జనమే. మాస్టారు ఆడితే విమానం కొండకు తగిలి పేలిపోయేది. చిన్నపిల్లలు "తాత మళ్లీ పేల్చాడు!" అని నవ్వేవారు. ద్వేషంతో కాదు, పిల్లతనంతో. మూడోవారానికి ఆయన జాయ్‌స్టిక్ పక్కింటివాళ్ల చేతిలో పెట్టి వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు. మళ్లీ ముట్టుకోలేదు. ఆమె రబ్బరు బంతి కొనిచ్చింది, దాన్నీ ముట్టుకోలేదు. అన్నం ఎడమ చేత్తో, చెంచాతో తింటున్నాడు.

"ఎంగిలి చెయ్యి కడుక్కోటానికి కూడా నన్ను పిలవట్లేదయ్యా. అసలు నాతో మాట్లాడితేనే కదా."

వారంలో ఇస్తానన్నాను. మద్రాసు నుంచి మాడ్యులేటర్ తెప్పించాను. పాత గేమ్ బోర్డు మీద దాన్ని అతికించటం పది నిమిషాల పని. నా సోల్డరింగ్ ఐరన్‌కు ఎర్తింగ్ సరిగా లేదు. ముట్టుకుంటే సన్నగా జివ్వుమనేది. టీవీ భాగాలకు అది పెద్ద లెక్క కాదు. ఆ గేమ్‌లో మాత్రం ఆట అంతా ఒకే ఒక్క ఐ.సి.లో ఉంటుంది. ఇరవై ఎనిమిది కాళ్ల నల్లటి చిన్న బిళ్ల. ఆ రకం బిళ్లలు అలాంటి లీకేజీకి చచ్చిపోతాయి. ఆ సంగతి చదివాను. ప్లగ్గు పీకి, వేడి ఆరేలోగా అతికించాల్సింది. ఆ జాగ్రత్త తీసుకోలేదు. స్విచ్ వేస్తే తెర మీద బూడిద రంగు తప్ప ఏమీ రాలేదు. గీత లేదు, బంతి లేదు, 'టిక్' లేదు.

ఐ.సి. కోసం నేనే మద్రాసు వెళ్లాను. రెండు రోజులు తిరిగాను. ఐ.సి. దొరకలేదు సరికదా, అలాంటి గేమ్ కూడా దొరకలేదు. అన్నీ రంగులవే. ఒక దుకాణదారు నవ్వి, "ఆ గీతలు ఇప్పుడెవరడుగుతన్నారండీ?" అన్నాడు. మొన్న శీతాకాలంలో నేనన్నదీ అలాంటి మాటే.

అనసూయమ్మగారు వచ్చినప్పుడు, "పాతదైపోయిందమ్మా, ఇంక పనిచెయ్యదు," అని చెప్పాను. నా చేతిలో చచ్చిందని చెప్పలేదు. ఆవిడ ఆ పెట్టెను కాసేపు చూసి, "మేం అడగటమే ఆలస్యమైందిలే," అని వెళ్లిపోయింది. తప్పు తన మీద వేసుకుని వెళ్తుంటే నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఎండలు ముదిరాక ఒక ఉదయం మాస్టారింటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో గుప్పిటలాగా ముడుచుకుపోయి ఉంది. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఐ.సి. పోతే పోయిందిలేరా. అంతకుముందే ఆట పోయింది," అన్నాడు. ఆ వెంటనే అడిగాడు. "నేను నీకు ఆట నేర్పినోణ్ణి గదా. ఒక్కటి చెప్పు. కోర్టులో అవతల మనిషి లేకపోతే ఆటంటారా?"

జవాబు కూడా ఆయనే చెప్పాడు.

"ఆ రంగుల దాంట్లో విమానం పడితే నేనొక్కణ్ణే ఓడిపోయేవాణ్ణి, పది మంది ముందు. గీతల దాంట్లో నేను ఓడితే మా ఆవిడ గెలిచేది. ఆ రోజుల్లో ఆవిడ ఎట్టా నవ్వేదో నువ్వు చూశావు గదరా."

గుమ్మంలో నిలబడ్డ అనసూయమ్మగారు లోపలికి వెళ్లిపోయింది. నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఆ ఇంట్లో నాకు అలా జరగటం అదే మొదటిసారి. ఆవిడది తప్పనను.

మాస్టారి చెయ్యి మళ్లీ తెరుచుకోలేదు. ఆ తర్వాత నాలుగైదేళ్లు బతికాడు. రాఘవయ్యకు ఈ సంగతేదీ తెలియదు. బావకు అంత మంచి వస్తువు కొనిచ్చినా విలువ తెలియలేదని చాలా ఏళ్లు చెప్పుకున్నాడు. నేను ఎదురు చెప్పలేదు. ఆ రోజు నా కొట్టులో ఆయన అడిగిన ప్రశ్నకు జవాబిచ్చింది నేనే కదా.

తర్వాత ఎన్నో రకాల గేమ్‌లు నా బల్ల మీదకు వచ్చాయి, ఒకదాని బొమ్మ ఒకదాన్ని మించి. ఏది కొనమంటావని అడిగిన ప్రతివాళ్లనూ నేను తెర వైపు చూడకుండా ముందు ఒకటే అడిగేవాణ్ణి: ఎవరు ఆడతారు, ఎవరితో ఆడతారు? కొందరు విసుక్కునేవారు. బొమ్మ చూపించవయ్యా అనేవారు. అయినా అడిగేవాణ్ణి. అది అడగటం నేను ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్చుకోలేదు. నేర్చుకున్నది నేనే గానీ, నేర్పటానికి ఖర్చయింది మాత్రం మా మాస్టారి కుడి చెయ్యి.