లిస్టులకెక్కని చాకు

నేను పాత చాకులు జమచేస్త. మడిచి జేబుల పెట్టుకునే చాకులు. ఈ మాట చెప్తే ఎవలైనా ముందు నా మొహం చూస్తరు, తర్వాత నా జేబు దిక్కు చూస్తరు. బొగ్గుబాయిల ఫిట్టరు పని చేసేటోనికి ఇదేం పిచ్చి అని మా ఇంటామె పెండ్లయిన కొత్తల అడిగింది, ఇప్పటికీ అడుగుతనే ఉన్నది. మంచి చాకు మూస్తే స్ప్రింగు టక్కుమని పడే చప్పుడు నాకిష్టం. ఎవలో ఏండ్లకేండ్లు పట్టుకున్న పిడి నా అరచేతిల కూసున్నప్పుడు ఆ మనిషి చేసిన పని కొంచెం తెలిసినట్టయితది. గంతే.

డ్యూటీ లేని దినం వస్తే సైకిల్ మోటరేసుకొని తిరిగేటోణ్ని. గోదావరిఖని మార్కెట్ వెనుక సందుల పాతినుప సామాన్ల దుకాణాలు, మందమర్రి అంగట్ల గోనెసంచి పరిచి పాత తాళాలు, పానలు అమ్మేటోళ్లు, మంచిర్యాలల రైల్‌గేటు కాడ ఒక ముసలాయిన తోపుడుబండి. ఆ దుకాణాలోళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. చాకు చేతికి రాంగనే సానకు పెడుతరు. నిప్పురవ్వలు లేవంగ రెండు నిమిషాలు రుద్ది, తళతళ మెరిపిచ్చి, "చూడన్న, కొత్తదానోలె ఉన్నది" అంటరు. బ్లేడు మొదట్ల కొట్టిన అక్షరాలు అరిగిపోతయి. ఎప్పటిది, ఎవలు చేసిన్రు అని చెప్పేది ఆ అక్షరాలే. "జంగు పట్టినా సరే, నాకు రుద్దకుంట ఇయ్యి కాకా" అని ఎన్నిసార్లు మొత్తుకున్ననో. నవ్వుతరు, మళ్ల రుద్దుతరు.

అన్నిటికంటె మంచి చోటు ఖాళీ చేస్తున్న క్వార్టర్లు. రిటైరైన మనిషి కంపెనీ ఇల్లు అప్పజెప్పి పోవాలె. ముప్పై నలభై ఏండ్ల సామాను ఒక్క లారీల పట్టదు. అందుకని పోయేముందు వరండాల, వాకిట్ల పరిచి పెడుతరు. ఇనుప మంచం, జాలి బీరువ, పని చెయ్యని కూలరు, పచ్చడి జాడీలు. చుట్టుపక్కలోళ్లు వచ్చి ఎవలికి కావల్సింది వాళ్లు ఏరుకుంటరు. అందరు పెద్ద సామాను చూస్తరు. నేను బిస్కీట్ డబ్బాలు చూస్త. చెవి లేని తాళాలు, సైకిల్ నట్ల కింద ఏ చాకో ఉంటది.

తెలంగాణ కోసం సమ్మె నడిచిన ఏడాది బాయిలన్ని బందున్నయి. పొద్దంత పని లేదు. దోస్తులు సమ్మె టెంటు కాడ కూసుంటుండిరి, నేను గూడ కూసుంటుంటి. ఒకనాడు పొద్దున టెంటుకు పోతుంటె, ఒక క్వార్టర్ ముంగట సామాను పరిచి కనబడ్డది. ఆ ఇంటాయిన మా బాయి ఆఫీసుల గుమాస్తా, కొన్ని నెలల కింద రిటైరయిండు. కొడుకు కరీంనగర్ల ఇల్లు కట్టిండట, అక్కడికి పోతున్నడు.

బండి ఆపి లోపలికి పోయిన. గుమాస్తా సారు కుర్చేసుకొని పేపర్ చదువుతున్నడు. "చూడు, చూడు, నచ్చింది తీస్కో" అన్నడు. అరుగు మీద బిస్కీట్ డబ్బా ఉన్నది. మూత తీసి వేలు పెట్టి కలిపిన. రెండు స్క్రూడ్రైవర్లు, ఒక గడియారం చైను, వాటి కింద దుప్పికొమ్ము పిడి చాకు. కొమ్ము పిడి చాకులు మాదిక్కు దొరుకుడు శాన తక్కువ. బయటికి తీసి గోటితోని బ్లేడు తెరిచిన. ఎవలూ సానకు పెట్టలేదు. అక్షరాలు సక్కగున్నయి. ఎంత సంబురపడ్డనో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గయితది.

తర్వాత పిడిని తిప్పిన. పిడికి మూడు రివిట్లున్నయి. రెండు ఉక్కువి. నడిమిట్లది ఇత్తడిది, కొంచెం పక్కకు జరిగి ఉన్నది.

ఆ రివిట్టు కొట్టింది నేనే.

ఆ చాకు మా అన్నది. సొంత అన్న కాదు. బాయిల బొగ్గు పేల్చే షాట్‌ఫైరరు. నేను చేరిన కొత్తల చీకట్ల ఎట్ల నడవాలె, కప్పు మీద కర్రతోని కొట్టి చప్పుడు ఎట్ల వినాలె, అన్ని నేర్పినోడు. తూటాల వైర్ల కొసలు ఆ చాకుతోనే గీకేటోడు. అది వాళ్ల నాయినది. బాయిలు తవ్విన కొత్తల ఒక ఆఫీసరు ఉద్యోగం ఇడిసి పోతపోత వాళ్ల నాయినకు ఇచ్చిపోయిండట. ఒకసారి పిడి వదులయితే నాకిచ్చిండు. వర్క్‌షాపుల ఇత్తడి కడ్డీ కోసి రివిట్టు చేసి కొట్టిన. సక్కగ రాలేదు. "పక్కకు పోయింది గదా తమ్మీ" అని నవ్విండు. "నీ చెయ్యి పని అని యాదికుంటది తియ్యి" అన్నడు.

ఆ తర్వాత రెండేండ్లకు కప్పు కూలి అన్న చచ్చిపోయిండు. నేను ఆ షిఫ్టుల లేను. ఆఫీసోళ్లు అన్న వస్తువులు లిస్టు రాసి వదినెకు అప్పజెప్పిన్రు. బూట్లు, గడియారం, టిఫిను, తంబాకు డబ్బి. వదినె అన్ని చూసి, "చాకేది?" అని అడిగింది. లిస్టు రాసింది ఈ గుమాస్తా సారే. "దొరికినయి రాసినం. లిస్టుల లేదంటే లేదు" అన్నడు. ఆ మాట నేను నా చెవులతోని విన్న, ఆమె పక్కనే నిలబడ్డ గనుక.

అన్న తల్లి ఊకోలేదు. అది ఆమె పెనిమిటి చాకు, తర్వాత కొడుకు చాకు. కోడలే దాచి తన తమ్మునికి ఇచ్చుకున్నదని అన్నది. మైలపోయే దినం నాడు, అందరి ముంగట అన్నది. వదినె తమ్ముడు ఆ దినం లేచిపోయినోడు మళ్ల ఆ గడప తొక్కలేదు. ముసలామె చిన్నకొడుకు దగ్గరికి బస్తీకి పోయింది. వదినెకు కంపెనీ దవాఖానల ఆయా పని ఇచ్చిన్రు. పండుగలకు, పెండ్లిండ్లకు ఎక్కడ కలిసినా "చాకు దొంగ" అన్న పేరు వదినెను ఇడువలేదు. ఎనిమిదేండ్లు. నిజం చెప్పాలె గనుక చెప్తున్న, ఇచ్చిందేమో, తమ్మునికే గదా అని నేను గూడ ఒకటి రెండుసార్లు అనుకున్న.

గుమాస్తా సారు ముంగటికి పోయి చాకు చూపెట్టిన.

"సారు, ఇది మీకు ఏడికెళ్లి వచ్చింది?"

కండ్లద్దాలు సర్దుకొని చూసిండు. "ఏమో. ఆఫీసు డ్రాయరుల ఉంటుండె. రిటైరైనప్పుడు డ్రాయరు సామానంత ఇంటికి తెచ్చిన."

అన్న గురించి చెప్పిన. చప్పున గుర్తు పట్టలేదు. కప్పు కూలింది, షాట్‌ఫైరరు అని చెప్తే, "ఆ, ఆ" అన్నడు.

"ఇది అన్న చాకు సారు."

"అయితది. లిస్టు అయిపోయినంక దొరికినట్టుంది. ఎవలో మన్ను తీస్తుంటె దొరికిందని తెచ్చిచ్చిన్రు. అప్పటికే పెద్దాఫీసరు సంతకం అయిపోయింది. మళ్ల లిస్టు రాసి, మళ్ల సంతకం పెట్టిచ్చుడు, ఎందుకు ఎక్కిచ్చలేదని ఆయిన అడుగుడు. తర్వాత ఇద్దామని డ్రాయరుల ఏసిన. మర్చిపోయిన."

దొంగతనం చేసిన అన్నా నాకు అంత మండకపోవు. దొంగకు ఆ వస్తువు మీద ఆశన్న ఉంటది. ఈయినకు ఆ చాకు మీద ఆశ లేదు, మనిషి మీద గుర్తు లేదు. రాసిన కాయితం మళ్ల రాయాలెనని బద్దకం. దానికోసం ఒక ఆడమనిషి ఎనిమిదేండ్లు దొంగయింది.

"ఊకనే తీస్కపో," అన్నడు పేపర్ మళ్ల ముంగటేసుకుంట. "మీవోళ్లదే అంటున్నవు గదా."

చాకు జేబులేసుకొని బయటికొచ్చిన. సక్కగ వదినె దగ్గరికి పోలే. ఒక హోటల్ల కూసొని చాయ్ తాగిన. చాకు తెరిచిన, మూసిన, తెరిచిన. ఇంట్ల నా చాకుల పెట్టెల దీనికెంత మంచి జాగ ఉంటదో అనుకున్న. ఈ ఆలోచన వచ్చిన సంగతి ఎవలికీ చెప్పలేదు, ఇప్పుడే రాస్తున్న. చాయ్ సగం ఇడిసిపెట్టి లేచిన.

వదినె దవాఖాన నుంచి అప్పుడే వచ్చి బట్టలు ఆరేస్తున్నది. చాకు చూపెట్టి, సారు చెప్పింది చెప్పిన. ఆమె తడిచేతులు కొంగుకు తుడుసుకున్నది గని చాకు పట్టుకోలేదు.

"నాకొద్దు తమ్మీ," అన్నది.

"వదినె, ఇది మనదే."

"మనదేనని నాకెరుక. నువ్వు తీస్కపోయి మా అత్తకిస్తే, నేనే నీ చేతికిచ్చి ఈ మాట నేర్పి పంపిన్నంటది. పాత చాకులు కొంటడని నీకు పేరున్నది. ఏడనో ఒకటి కొనుక్కొచ్చిండంటరు. లేదని చెప్పింది ఆ సారు. ఉన్నదని గూడ ఆ సారే వచ్చి చెప్పాలె."

కోపంగ అనలేదు. ఎన్నో ఏండ్ల కిందనే ఖరారు చేసుకున్నట్టు అన్నది.

ఆ సారును మీ అత్త దగ్గరికే తీస్కొస్త, నువ్వు అక్కడికి రా అని చెప్పి, మళ్ల గుమాస్తా సారు ఇంటికి పోయేసరికి లారీ వచ్చి ఉన్నది. కూలోళ్లు సామాను ఎక్కిస్తున్నరు. సంగతి చెప్తే ఆయిన మొహం ముడిచిండు.

"ముసలామెకు ఇప్పుడు చెప్తే ఏమొస్తది? చాకు దొరికింది గదా. నాకు పొద్దుగూకేవరకు కరీంనగర్ చేరుకోవాలె."

"గంట పని సారు. నా బండి మీద తీస్కపోయి, నేనే తెచ్చి దింపుత."

"నేనెందుకు రావాలె? నేనేమన్న ఎత్తుకపోయిన్నా?"

వాకిట్ల ఒక ఇనుప మంచం ఇంకా ఎక్కిచ్చేది ఉన్నది. నేను పోయి దాని మీద కూసున్న. కూలోళ్లు వచ్చి లెవ్వుమన్నరు, లెవ్వలేదు. పక్క క్వార్టర్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ఏందని అడిగిండు. ఆయిన గూడ బాయిల దిగి రిటైరైనోడే. సంగతంత చెప్పిన. ఆయిన విని, తుండుగుడ్డ దులిపి నా పక్కన వచ్చి కూసున్నడు. "పోయి రా సారు," అన్నడు మెల్లగ. "ఆ పిల్ల మీద ఆ మాట మేమంత అనుకున్నం. నువ్వు పోయి ఒక్క మాట చెప్తే అయిపోతది." ఇంకో ఇద్దరు వచ్చి గోడకు నిలబడ్డరు. గుమాస్తా సారు భార్య గడపల నిలబడి, "పోరాదుండ్రి, ఏమయితది" అన్నది. ఆయిన చెప్పులేసుకున్నడు.

బస్తీల ముసలామె రేకుల ఇంటి ముంగట గద్దె మీద కూసొని ఉన్నది. వదినె మాకంటె ముందే నడిచి వచ్చింది. లోపలికి పోలే, వాకిట్ల నిలబడ్డది. నేను చాకు ముసలామె చేతుల పెట్టిన. కండ్లు సరిగ కనిపియ్యయి ఆమెకు. పిడంత తడిమింది, బొటనవేలితోని బ్లేడు అంచు చూసింది. "ఇది ఏడ దొరికింది?" అన్నది.

గుమాస్తా సారు గొంతు సవరిచ్చుకున్నడు. "అవ్వా, ఆ దినం దొరకలేదు. తర్వాత దొరికింది. మా దగ్గర భద్రంగ ఉన్నది. ఇప్పుడు తెచ్చిచ్చినం."

వదినె అప్పుడు ఒక్కడుగు ముంగటికి వచ్చింది. "ఎన్నోదినం దొరికింది సారు?"

"గుర్తు లేదమ్మ. ఎనిమిదేండ్లయింది."

"లిస్టుకు సంతకం అయినంకనే దొరికిందన్నరట గదా. ఎన్నోదినం?"

ఆయిన నా దిక్కు చూసిండు. నేను కింద చూసిన.

"మూడోదినమో, నాలుగోదినమో."

"నాలుగోదినం నేను ఇంట్లనే ఉన్న సారు. మీ ఆఫీసు నుంచి మా ఇంటికి నడిస్తే పావుగంట. పదకొండోదినం నన్ను దొంగ అన్నరు. నడుమ వారం దినాలున్నయి."

గుమాస్తా సారు, "తప్పయింది" అన్నడు. గంత చిన్నగ అన్నడు గని, ముసలామె విన్నది. చాకు మడిచి ఒళ్లె పెట్టుకున్నది. కోడలు దిక్కు తిరిగి, "నీ తమ్ముణ్ని రమ్మను," అన్నది. "నేను వానితోని మాట్లాడాలె."

క్షమించుమని అడగలేదు. ఆమె అట్లాంటి మనిషి గాదు. గని దసరాకు వదినె తమ్ముడు వచ్చిండు, నేను చూసిన. చాకు ముసలామె దగ్గరనే ఉన్నది. వదినె అడగలేదు.

నేను ఆ రోజు ఇంటికి పోయి నా పెట్టె తెరిచిన. అన్నిటిని ఒక్కొక్కటి చూసుకున్న. వీటిల ఎన్ని ఇట్ల ఎవలో అడిగితే లేవన్న చాకులో అని మనసు నిలువలేదు. పిడి మీద అక్షరాలు చెక్కిన మూడు చాకులు తీసుకొని శ్రీరాంపూర్, మందమర్రి తిరిగి అడిగిన. ఒకటి దాని మనిషి కొడుక్కు చేరింది. ఒకాయిన, "మా నాయిన అమ్ముకున్నదే, నువ్వే ఉంచుకో" అన్నడు. మూడోది ఇంకా నా దగ్గరనే ఉన్నది. ఇప్పుడు ఏది కొన్నా ముందు ఎవలిదని అడుగుత. దుకాణాలోళ్లకు చిరాకు.

రాష్ట్రం వచ్చినంక కొన్ని నెలలకు మంచిర్యాల స్టేషన్ల గుమాస్తా సారు కనబడ్డడు. బెంచీ మీద ఎవలో ఒక పెద్దమనిషితోని కూసున్నడు. నన్ను చూసి సంబురంగ చెయ్యి ఊపిండు, పక్కకు జరిగి జాగ ఇచ్చిండు.

"నీకు చెప్పిన చూడు," అన్నడు ఆ పెద్దమనిషితోని. "ఒక కార్మికుడు పోతే, ఆయిన చాకు ఎనిమిదేండ్లు భద్రంగ దాచి, నేనే స్వయంగ పోయి తల్లి చేతుల పెట్టిన అని. అప్పుడు ఈయిన గూడ నాతోని ఉండె."

ఆ పెద్దమనిషి నన్ను చూసి మెచ్చుకున్నట్టు తలూపిండు. నా ఒళ్లంత మండింది. కూసోలే. నిలబడే చెప్పిన.

"భద్రంగ దాచలేదు సారు. డ్రాయరుల పారేసి మర్చిపోయిండ్రు. లిస్టు మళ్ల రాయాలెనని ఇయ్యలే. ఎనిమిదేండ్లు ఒకామె దొంగ అనిపిచ్చుకున్నది. మీ అంతట మీరు రాలే. మీ మంచం మీద నేను కూసుంటె వచ్చిన్రు."

ఆయిన మొహం తెల్లబడ్డది. "గంత గట్టిగ అనాల్నా," అన్నడు. గట్టిగేం అనలేదు, మామూలుగనే అన్న. పక్కనున్న పెద్దమనిషి ఆయినను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, సంచి చేతుల పట్టుకొని లేచి ప్లాట్‌ఫారం ఆ కొసకు నడిచిపోయిండు.